పోయిందనుకున్న పిలుపు

కొత్త ఫోన్ కొన్నప్పుడల్లా మొదట బ్యాకప్ పెట్టుకుంటాను. అప్పుడు గిద్దలూరు బస్సులో నా పక్కన కూర్చున్న ఆ తల్లి గుర్తొస్తుంది.

ఆమె ఫోన్ పొలంలో బోరు తొట్టిలో పడిందట. ఇక బాగుపడదని మార్కాపురం రిపేరు షాపులో చెప్పేసి, సిమ్ మాత్రం తీసిచ్చారట. కిటికీ పక్కన ఆమె కూతురు, ఆరేడేళ్ల పాప, బయటికి చూస్తోంది.

“ఫోన్ పోతే పోయిందిలే అన్నా. పాపకు పుట్టినప్పటినుంచి వినపడేది కాదు. చెవికి ఆపరేషన్ అయినాక మొదటిసారి నా పిలుపు విని తిరిగి చూసింది. ఆ వీడియో దాంట్లోనే పోయింది.”

“మెయిల్ ఐడీ ఉందా అమ్మా?”

“మా తమ్ముడు పెట్టినాడు. పాస్‌వర్డ్ పాప పేరే.”

ఆమె ఇచ్చిన పిన్నీసుతో నా ఫోన్‌లోని సిమ్ తీసి, ఆమెది వేశాను. ఓటీపీ వచ్చింది. కాసేపటికి ఆమె ఫొటోలు ఒక్కొక్కటే తెరమీదికొచ్చాయి.

“ఆ ఫోన్ చచ్చిపోయింది గదా, ఇవెట్ల వచ్చినాయి?”

“ఫోన్‌లోవి ఇంటర్నెట్‌లో ఇంకోచోట కూడా దాచి ఉన్నాయమ్మా.”

వీడియో దొరికింది. నొక్కాను. “అమ్ములూ” అని ఫోన్‌లోంచి ఆమె గొంతు వినిపించింది.

కిటికీ పక్కనున్న పాప ఇటు తిరిగింది.

“ఏందమ్మా, పిలిచినావా?”