ఒడ్డు పక్కన కొలవని సముద్రం

2022 జూలై. సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో, ఒక టిఫిన్ సెంటర్ పైన మా ఆఫీసు. ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉప్పదనాన్ని గణాంకాల పద్ధతిలో విశ్లేషించి మ్యాపులు చేసివ్వడం నా పని.

ఆ నెలలో రాజుగారు వచ్చారు. గోదావరి జిల్లా మనిషి, తిరుమలగిరిలో స్థిరపడ్డారు. తీరంలో రొయ్య పిల్లల హేచరీ పెట్టడానికి ఏటి మొగ దగ్గర, ఏరు సముద్రంలో కలిసేచోట, స్థలం చూసుకున్నారు. నీటిలో ఉప్పు ఒక్కసారిగా పడిపోతే తొట్లకు తొట్లు చచ్చిపోతాయి. అక్కడి నీరు వానాకాలంలోనూ పనికొస్తుందా అన్నది ఆయన ప్రశ్న.

ఉపగ్రహం సముద్రం నుంచి వచ్చే మైక్రోవేవ్ సంకేతాన్ని బట్టి ఉప్పును లెక్కగడుతుంది. దాని ఒక్కో చూపు వెడల్పు దాదాపు నలభై కిలోమీటర్లు. ఒడ్డు దగ్గర ఆ చూపులో నేల కూడా పడి లెక్క చెడుతుంది. దీన్ని ల్యాండ్ కంటామినేషన్ అంటాం. ఆ విలువలను తీసేశాను. తీరం పొడవునా తెల్లటి పట్టీ మిగిలింది.

"ఏందీ ఇది, సున్నం కొట్టినట్టు?" అన్నాడు మా మేనేజర్.

"అక్కడ కొలత లేదు సార్."

"లేకుంటే ఇంటర్‌పోలేషన్ పెట్టు. గిట్ల ఇస్తే క్లయింట్ పరేషాన్ అయితడు."

ఇంటర్‌పోలేషన్ అంటే చుట్టూ ఉన్న విలువలతో మధ్యలోని ఖాళీని అంచనా వేయడం. ఇక్కడ చుట్టూ విలువలే లేవు, ఒక్క లోసముద్రం వైపే ఉన్నాయి. అంటే మేం చేసేది అంచనా కూడా కాదు, లోపలి సముద్రాన్ని ఒడ్డుకు లాగడం. అదే చెప్పాను. వినలేదు. తెల్లటి పట్టీని లోసముద్రం రంగుతోనే నింపాను.

మీటింగులో రాజుగారు మ్యాపులో తన స్థలం మీద వేలు పెట్టారు. "లీటరుకు ముప్పై రెండు గ్రాముల ఉప్పు! భేషుగ్గా ఉంది. సోమవారం అగ్రిమెంటు రాసేసుకుంటానండి."

నాకు నోరు ఆగలేదు. "రాజుగారూ, ఆ రంగు కొలిచింది కాదండి."

"మరెవరేశారు?"

"నేనే."

"నీ ఇల్లు బంగారం గానూ! ఈ రంగులోనా బాబూ, నా పిల్లల్ని పెంచేది?"

"మోడల్‌ల గట్లనే వస్తది సార్. వీడు కొత్తోడు," అన్నాడు మేనేజర్. అక్కడ నాకది మూడో సంవత్సరం.

రాజుగారు తన మనిషిని మొగ దగ్గరికి పంపారు. రిఫ్రాక్టోమీటర్ అని చేతిలో పట్టే పరికరం ఉంటుంది. దాని అద్దం మీద ఒక చుక్క వేసి చూస్తే ఉప్పెంతో తెలుస్తుంది. వరద నీటితో అక్కడ పదకొండు వచ్చింది. "అది సముద్రం కాదు బాబూ, పల్చటి మజ్జిగ," అన్నారు ఫోన్‌లో. స్థలం వదిలేసుకున్నారు.

ఆఫీసులో నాకు దక్కిన మాట, "క్లయింట్ ముందట ఇజ్జత్ తీసినవ్." తీరం పనులన్నీ నా దగ్గరనుంచి తీసేశారు. పట్టీ నింపడం మాత్రం వాళ్లు మానలేదు. మనిషి తన ఆస్తినంతా పెట్టబోయే చోట లేని కొలతను చూపించి, దానికి శాస్త్రం అని పేరు పెట్టడం నాకిప్పటికీ మండుతుంది. అంతకంటే మండేది, మొదటిసారి చెప్పగానే నేను నింపడం.

ఇప్పుడు వేరే చోట పనిచేస్తున్నాను. మ్యాపు ఇచ్చేటప్పుడు ఒడ్డు పక్కన పెద్ద అక్షరాలతో రాస్తాను: ఇక్కడ మేం కొలవలేదు. మీ మనిషిని పంపి కొలిపించుకోండి.