గట్టు మీద కేక

కోట ఊరి దగ్గర మా రొయ్యల గుంటల్లో, పంట పట్టే పట్టుబడి రోజున వల లాగేవాళ్ళకు ఊపునిచ్చే కేక నాది. ఇన్నేళ్ళలో ఇంకెవరినీ వేయనివ్వలేదు. గొప్ప అనుకోండి, పొగరు అనుకోండి. అలాంటిది పోయిన పంటకు "లాగండన్నా" అనబోతే సగంలోనే ఊపిరి చిక్కి, మేత బస్తా మీద కూలబడ్డాను. కేక ఇంకొకడు వేశాడు. పిల్లికూతలు కూసే ఛాతీ పట్టుకొని అది వింటుంటే ఏడుపొచ్చింది.

మా ఆవిడ నన్ను గూడూరులో డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. సంచిలోంచి నా మందులు తీసి బల్ల మీద పెట్టింది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలరు ఖాళీ. రోజూ రెండు పూటలా పీల్చమన్నది మాత్రం మూత కూడా తీయలేదు. బాగున్నప్పుడు మందెందుకని నా వాదన.

డాక్టరమ్మ కాగితం మీద ఊపిరి గొట్టం బొమ్మ గీసింది. ఒంటికి కాపలా కాసే తెల్లకణాలు మేత దుమ్మును చూసి, శత్రువొచ్చిందని గొట్టాల్లోకి దూసుకొస్తాయట. క్రిముల కోసం దాచుకున్న ఎంజైములను అక్కడే కుమ్మరిస్తాయట. దాంతో గొట్టం లోపలి పొరే వాచిపోతుంది. కాపలా కుక్క ఇంటాయన పిక్కే పట్టుకున్నట్టు! మొదటి మందు గొట్టాన్ని కాసేపు తెరుస్తుందంతే. ఆ కణాలను శాంతపరిచేది రెండోది, నేను దాచిపెట్టింది.

నేనింకా నసుగుతుంటే ఆమె అడిగింది: "నీళ్ళు బాగుండాలని గుంటలో ప్రోబయాటిక్ వేస్తారుగా, ఎప్పుడేస్తారు?"

రొయ్యల మాటొస్తే నాకు హుషారు. "రొయ్య బాగుండేటప్పుడే మేడం! జబ్బుజేసి గట్టుకొచ్చినాక ఏమేసినా నీళ్ళపాలే గదా!"

మా ఆవిడ పకపకా నవ్వింది.

"చూసినారా మేడం, రొయ్యకు జెప్పే న్యాయం ఈయన ఊపిరికి లేదు."

నా మాటకు నేనే దొరికిపోయాను. నవ్వక తప్పలేదు, ఆ నవ్వుకే దగ్గొచ్చింది.

ఇప్పుడు పొద్దున్నే గుంటకు బయల్దేరకముందే మా ఆవిడ ఆ రెండో ఇన్‌హేలరు చేతికిస్తుంది. పీల్చాక నోరు పుక్కిలించానా లేదా అని విచారణ కూడా. మేత చల్లేటప్పుడు ముక్కుకు మాస్కు. విసుక్కుంటూనే అన్నీ చేస్తున్నాను.

మొన్న మళ్ళీ పట్టుబడి. గట్టు మీద నిలబడ్డాను, భయంగానే ఉంది. "లాగండన్నా!" అన్నాను. అవతలి గట్టు దాకా మోగింది. మళ్ళీ వేశాను, మళ్ళీ వేశాను.

"ఇంక చాల్లే, రొయ్యలు బెదిరి చస్తాయి!" అంది మా ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ.

వల గట్టు చేరింది. ఇంక లాగడానికేం లేదు, నా దగ్గర మాత్రం ఇంకో కేకకు ఊపిరుంది. అదీ వేశాను.