అవ్వ కట్టిన ఒడి

బొమ్మ పూర్తయ్యాక నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే ఈ అలవాటు నిజానికి నాది కాదు. వరంగల్ మ్యూజియంలో ఊడ్చే ఒక అవ్వది. ప్రతి బొమ్మ దగ్గరా చీపురు గోడకు ఆనించి, అట్లా నిలబడి చూశాకే ఆమె దాని కింద ఊడ్చేది.

మా జిల్లా చిత్రకారుల ప్రదర్శనలో నా మొదటి బొమ్మ పెట్టారు. అందులో ఒకామె పత్తి ఏరుతుంటుంది. బట్టల దుకాణం నడిపే ఇంట్లో పుట్టిన నాకు పత్తి చేను బస్సు కిటికీలోంచే తెలుసు. అయినా చూసినవాళ్లంతా బాగుందన్నారు. ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం అవ్వ మాత్రం నా బొమ్మ ముందు ఎంతకీ చీపురు అందుకోలేదు.

"బిడ్డా, పత్తి ఏరుతాంది గని, ఈమె నడుముకు ఒడేది? ఏరింది ఎక్కడ ఏసుకుంటది?"

నాకు తల కొట్టేసినట్టయింది. తెల్లారితే పత్తి ఏరిన చేతులెన్నో ఆ హాల్లోకి వస్తాయి.

"ఒడి ఎట్లుంటదో నాకు తెల్వదవ్వా" అన్నాను.

ఆమె నవ్వలేదు. "గంతే గద, ఫికర్ చెయ్యకు" అంటూ నేను బొమ్మకు చుట్టి తెచ్చిన పాత చీర తీసుకుని, నడుముకు ముడేసి, ముందువైపు సంచిలా వదులు చేసుకుంది. లేని పత్తిని అందులో వేసుకుంటూ, నేను బొమ్మలో ఒడి గీసేదాకా ఓపిగ్గా నిలబడింది.

ఆ బొమ్మ కింద నా పేరొక్కటే ఉంది.

మర్నాడు అతిథులకన్నా ముందే వెళ్లాను. చీపురు గోడకు ఆనించి ఉంది. అవ్వ బొమ్మలోని ఆమెతో మెల్లగా అంటోంది:

"ఇగ ఏరుకో, బిడ్డా."