సోమవారం బియ్యం

పలాస స్టేషన్లో విశాఖ బండి కోసం కూర్చున్నాను. గాలి నిండా జీడిపిక్కలు కాల్చే వాసన. పక్క బెంచీ మీద ఎవరో ఫోన్లో పాత యుద్ధకాలపు ప్రసంగం పెట్టారు. గరగరల మధ్య నుంచి ఒక ప్రధాని సన్నటి గొంతు. నేను పుట్టకముందటి మాట అది. అయినా ఆ గొంతు వింటే నాకు మా మాస్టారే కనిపిస్తారు, బడి అరుగు మీద, కళ్ళు సగం మూసుకుని. ఉద్దానంలో మా ఊరి బడికి ఆయనొక్కరే మాస్టారు. ఒంటరి మనిషి. సోమవారం రాత్రి అన్నం ముట్టేవారు కాదు. రావివలస ఎండల మల్లన్న మొక్కేమో అనుకునేవాళ్ళం.

నాన్న మంచం పట్టిన ఏడు, అమ్మ నన్ను బడి మాన్పించి తనతో జీడి బట్టీకి తీసుకుపోతానంది. అప్పుడు నేను ఐదో తరగతి. వాగుడెక్కువ, చదువంటే ప్రాణం. ఒక మంగళవారం పొద్దున్నే మాస్టారు చిన్న గుడ్డసంచితో మా గుమ్మంలోకి వచ్చారు. అందులో సోలెడు బియ్యం.

“మాకు దానాలొద్దు బాబూ. మాం అడుక్కునీవోలం కాదు,” అంది అమ్మ, జీడి రసానికి నల్లబడ్డ చేతులు వెనక్కి పెట్టుకుని.

“ఇవి నావి కావమ్మా. యుద్ధం రోజుల్లో ప్రధాని రేడియోలో అడిగారు, వారానికొక పూట తిండి మానమని. అలా మిగిలినవి ఇవి. చదువుకునే పిల్ల ఉన్న ఇంటికి చేర్చడమే నా పని.”

అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని సంచి పుచ్చుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అమ్మ ఊరుకుంటే బాగుండేది. నూతి దగ్గర గొప్పగా చెప్పేసింది. పై మంగళవారం ఇద్దరు ఆడవాళ్ళు చేటలు పట్టుకుని బడి ముందు నిలబడ్డారు.

“డిల్లీ బియ్యం వచ్చినాయేటి బాబూ?”

మాస్టారు నవ్వలేదు, కసరలేదు. “వచ్చే వారం వస్తాయమ్మా,” అన్నారు.

ఆ వారం నుంచి గురువారం సాయంత్రాలు కూడా ఆయన పొయ్యి పొగ కనిపించడం మానేసింది. నేను ఉండబట్టలేక అడిగేశాను. “గురువారం కూడా మానమన్నారా మాస్టారూ, ఆయన?”

“లేదే. అది ప్రసంగంలో లేదు, నేను కలిపాను. మీ అమ్మకి చెప్పకు.”

చెప్పలేదు. టెక్కలిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చాక కూడా, మాస్టారు పోయాక కూడా చెప్పలేదు. అమ్మ ఆఖరి రోజుల్లో మాత్రం మనసాగక బయటపెట్టేశాను. అమ్మ నవ్వింది.

“నానెరగనేటే? సేటలొట్టుకుని ఆలెల్లిన వారమే తెలిసిపోనాది, గురువారం కూడా మాస్టారి పొయ్యి ఎలగనేదు. పస్తుండి ఇత్తన్నాడు ఆ బాబు. సంచి తిప్పి పంపిత్తే ఆ పస్తు ఉత్తిదైపోద్ది. అందుకే నా రోసం మింగీసి నిన్ను బడికి పంపినాను.”

ఆ రోజు నేను ఏడ్చినంతగా మళ్ళీ ఎప్పుడూ ఏడవలేదు.

నేను సోమవారం రాత్రి శుభ్రంగా తింటాను. ఆకలికి ఓర్చుకునే ఒళ్ళు కాదు నాది. కానీ మా బడిలో ఏ పిల్లకైనా బట్టలో పుస్తకాలో ఇవ్వాల్సి వస్తే, నావని చెప్పడానికి నోరు రాదు. ఎవరో పంపారంటాను. పిల్ల తల్లి ఒక క్షణం నా ముఖంలోకి చూస్తుంది. ఆమెకు తెలుసు. ఇద్దరం తల దించుకుంటాం, పిల్ల మర్నాడు బడికి వస్తుంది.