చిక్కుడుకాయలు తుంచే వేళ

మా ఎదురింటి ఆంటీ పోయారని పన్నెండు రోజుల కిందట పొద్దున్నే వాళ్ళబ్బాయి మా గేటు దగ్గరికి వచ్చి చెప్పాడు. సింగపూర్‌లోని ఈ యీషున్‌లో ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఇనుప గేటూ మాదీ ఎదురెదురు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఆవిడ చివరిసారి నాతో మొదలుపెట్టి వదిలేసిన మాటే చెవిలో తిరిగింది.

కంప్యూటర్లు తెలిసినవాళ్ళకు పిలిచి ఉద్యోగాలిస్తున్న రోజుల్లో మావారి వెంట ఇక్కడికి వచ్చాను. అమ్మాయికి నాలుగేళ్ళు. దానికి అన్నీ అర్థమయ్యేవి, మాట మాత్రం దొరికేది కాదు. గొడుగు కావాలంటే తలమీద చేయి పెట్టుకుని "అది... అది..." అని ఏడ్చేది. రెండు భాషలతో పిల్ల తికమక పడుతోందని ఎవరో అంటే ఇంట్లో తెలుగు మానేశాం. ఫ్రిజ్ నిండా ఇంగ్లీషు బొమ్మల కార్డులు అంటించాను. పేరు చెబితేనే బిస్కెట్ ఇచ్చేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. మా అత్తగారైతే మాటలు రావడానికని ఊరినుంచి వసకొమ్ము పంపారు.

ఆ కొమ్ము చూసి ఆంటీ పకపకా నవ్వారు. "దానికెందుకే వస? నీకు పోసిందే ఎక్కువైంది. పిల్ల నోరు తెరిచేలోపు నువ్వే చెప్పేస్తావు."

ఉన్న మాటంటే ఉలుకెక్కువ కదా, వారం రోజులు ఆవిడతో ముభావంగా ఉన్నాను. పిల్ల మాత్రం ఆ గేటు వదల్లేదు. ఆంటీ ఎప్పుడో పెళ్ళై వచ్చి ఇక్కడే స్థిరపడ్డ రాజమండ్రి మనిషి. తిన్నావా అనడానికి కూడా "మకాన్ అయిందా అమ్మడూ?" అనేవారు. గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ దానితో తెలుగులోనే కబుర్లాడేవారు. పిల్లకి మాట తట్టకపోతే తలెత్తేవారు కాదు, ఇంకో కాయ తీసుకునేవారు. మరీ ఆలస్యమైతే "దాంతో ఏం చేస్తారే?" అని ఒక్క ప్రశ్న వేసేవారు.

"మనం కాచుకుని కూర్చున్నామని తెలిస్తే పిల్లకి భయం. మాట పిల్లిలాంటిది. మన పనిలో మనముంటే అదే వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది" అని నాతో అన్నారొకసారి.

ఒక సాయంత్రం ఆ గడప దగ్గరనుంచి "వాన... పట్టుకునేది... గొడుగు" అని వినిపించింది. వంటింట్లో నిలబడి ఏడ్చాను. కార్డులన్నీ పీకి పారేశాను. నా కూతురి మాట ఆవిడ పెట్టిన భిక్ష.

కిందటేడు ఆంటీకి పక్షవాతం వచ్చింది. కాలూ చేయీ కొంత కోలుకున్నాయి, మాట కోలుకోలేదు. అమ్మాయి బడినుంచి రాగానే వెళ్ళి ఆవిడ పక్కన ఈనెలు తీస్తూ కూర్చునేది. ఆవిడ పోవడానికి వారం ముందు నేనూ వెళ్ళాను. ఆంటీ నా చేయి పట్టుకుని, "నీకు... నీకొకటి..." అన్నారు.

"కాఫీయా ఆంటీ? మందు కావాలా? ఫ్యాను తగ్గించనా?"

"అమ్మా, వెయిట్ లా" అంది అమ్మాయి తలెత్తకుండా, ఇక్కడి పిల్లల యాసలో.

నేను ఆగితేగా! "అబ్బాయిని పిలవనా?" అన్నాను. ఆంటీ నా చేయి వదిలేసి గోడవైపు తిరిగారు.

ఎనిమిదేళ్ళు నా కళ్ళెదుట ఆవిడ చేసి చూపించింది ఒక్కటే. ఆ ఒక్కటీ నాకు రాలేదు. నీకొకటి ఏమిటి? ఇవ్వాలనా, చెప్పాలనా? అన్నం ముందు కూర్చున్నా, బస్సులో ఉన్నా అదే వినిపిస్తోంది.

నిన్న కర్మలన్నీ ముగించి వాళ్ళబ్బాయి ఆ ఇంటికి తాళం వేసుకుని వెళ్ళాడు. సాయంత్రం చూస్తే మా అమ్మాయి పళ్ళెంలో చిక్కుడుకాయలు పోసుకుని, మూసిన ఆ గేటుకి ఎదురుగా మా గడపలో కూర్చుని ఉంది.

"ఇక్కడెందుకే?" అన్నాను.

"ఆంటీ నాట్ ఫినిష్ టాకింగ్ యెట్, అమ్మా."

ఏదో అనబోయి నోరు మూసుకున్నాను. దాని పక్కన కూర్చుని ఒక కాయ తీసుకున్నాను.