ముడతలు లేని వెల్కో తాత

మా రుసానా అమ్మమ్మ దేశంలోని బ్యాంకులన్నీ ఒక్కరోజులో దోచేసినా, ఏ పోలీసూ ఆమె వేలిముద్ర చూపించలేడు. ఉంటే కదా చూపించడానికి! ఈ రొడోపీ కొండల్లో ఏళ్ళ తరబడి పొగాకు ఆకులు సూదికి గుచ్చి, ఆ పసరు వదిలేదాకా చేతులు బూడిదతో తోమి తోమి, ఆమె వేళ్ళ కొనలు గులకరాళ్ళలా నున్నబడిపోయాయి.

వెల్కో తాత పోయి నెల దాటింది. మా ఆచారం ప్రకారం నలభయ్యోనాటికి వీధి తలుపు మీదా, బస్టాపు గోడ మీదా ఆయన ముఖంతో చావు కాగితం అంటించాలి. తాతేమో కెమెరా కనబడితే కోళ్ళగూటి వెనక దాక్కునే మనిషి. ఉన్నది గుర్తింపు కార్డు ఫొటో ఒక్కటే. అందులో ఆయన మేకను దొంగిలించి దొరికిపోయినవాడిలా ఉన్నాడు.

"అది పనికిరాదు. దారినపోయేవాళ్ళు ఆగి, అయ్యో మన వెల్కో అనాలి. నాకు కావలసింది అంతే," అంది అమ్మమ్మ.

ముద్దరలు వేసే సిరా డబ్బా ముందు పెట్టుకుని, తెల్ల కాగితం మీద బొటనవేలితో దవడలూ చిటికెనవేలితో కళ్ళూ అద్దడం మొదలుపెట్టింది.

"అది తాతా, బంగాళదుంపా అమ్మమ్మా?" అన్నాను.

"నోరు ముయ్యవే కోతీ. మీసం దగ్గరున్నాను."

బయట వాన వదల్లేదు. పాడైన కాగితాలన్నీ పొయ్యిలోకి పోయాయి. ఆమె ఏడవలేదు. ఎవరితోనో పోట్లాడుతున్నట్టు పెదవులు మాత్రం కదిలేవి.

చివరికి వంకర ముక్కుతో, దొప్ప చెవులతో ముఖం తేలింది. అప్పుడే పక్కింటి డోంకా, నలభయ్యోనాడు పంచే ఉడికించిన గోధుమలకు గిన్నె ఇవ్వడానికి వచ్చింది.

"ఎవరమ్మా ఈ కుర్రాడు? అయ్యో పాపం, పెళ్ళయిందా?"

అమ్మమ్మ చెయ్యి ఒళ్ళో పడిపోయింది. నున్నటి వేళ్ళు నల్లటి మచ్చలే వేశాయి. ముఖంలో ఒక్క ముడతా లేదు.

డోంకా వెళ్ళాక నా చేతులు చాపాను. "నా వేళ్ళ నిండా గీతలే అమ్మమ్మా. నుదుటి మీద నాలుగు అద్దానంటే ముసలాడైపోతాడు. అందరూ గుర్తుపడతారు."

ఆమె సిరా డబ్బా అవతలికి జరిపింది.

"ఆ ముడతలన్నీ నేను అరిచి అరిచి తెప్పించినవే. మళ్ళీ పెట్టను. కింద పేరుంటుందిగా, చదువుకుని ఏడుస్తారులే. నువ్వెళ్ళి జిగురు కలుపు."