కురిడీలు ఆపిన భాస్కరం గారు

భాస్కరం గారు ఇక లేరు. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదన్న దుర్వార్త ఫోనులో విన్నప్పుడు, మధురపూడి విమానాశ్రయంలో ఆయన నాకు పని నేర్పిన కౌంటరు దగ్గరే నిలబడి ఉన్నాను. కోపం వచ్చింది, ఆ కర్తవ్యనిష్ఠుణ్ణి బతికున్నన్నాళ్లూ చాదస్తుడని తిట్టిపోసిన మనందరి మీదా.

ప్రమాదకరమైన వస్తువులు విమానం ఎక్కకుండా చూడడం ఆయన ఉద్యోగం. బాణసంచా వద్దంటే జనం ఒప్పుకుంటారు. ఎండుకొబ్బరి వద్దంటేనే మన కోనసీమ వాళ్లకు ఒళ్లు మండుతుంది. శుభకార్యానికి కురిడీలు ఉండాల్సిందే మరి! నీరింకి కాయలోనే ఎండిన ఆ కొబ్బరి నిండా నూనె. మూసిన చోట వేడెక్కితే తనంతట తనే రాజుకోగలదని, అందుకే విమానంలో నిషేధమని ఆయన ప్రతివారికీ వివరించేవారు. వెనక వరుస పెరిగిపోయేది. "వద్దని చెప్పి పంపెయ్యచ్చుగా గురువుగారూ" అని నేను విసుక్కుంటే, "వద్దంటే కోపమే వస్తుందమ్మా. ఎందుకో చెబితే కాస్త భయం కూడా వస్తుంది. మనక్కావలసింది అదే" అనేవారు.

భయం ఎవరికి వచ్చింది గనక! ఒకసారి అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకాయన బల్ల గుద్ది అరిచారు. భాస్కరం గారు నెమ్మదిగా అడిగారు.

"మీ గోడౌన్లో కొబ్బరి రాశి పోసి తలుపులన్నీ మూసేస్తారాండీ?"

"అమ్మో, మూస్తామేంటండీ! వేడెక్కిపోదూ?"

"విమానం కింద సామాన్ల గదీ మూసిందే కదండీ."

"అది మా గోడౌనండీ. ఇది విమానం!"

ఆయన హాయిగా నవ్వేశారు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు. జరగని ప్రమాదానికి కృతజ్ఞత చెప్పేవారెవరు? ఆయనకు దక్కినవన్నీ శాపనార్థాలే.

సొంత చెల్లెలు సత్యవతి గారు ఢిల్లీలో కూతురి పెళ్లికి బయలుదేరినప్పుడూ ఆయన సంచి విప్పించారు. "మేనమామవై ఉండి పెళ్లి కురిడీలు తీయిస్తావా అన్నయ్యా?" అని ఆవిడ కన్నీళ్లు పెట్టుకున్నారు. "ఆ విమానంలో నువ్వున్నావు కాబట్టే తీయిస్తున్నానే" అన్నారాయన. పెళ్లిలో ఆవిడ పలకరించలేదు. తర్వాత ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదు. మొన్న పార్థివదేహం పక్కన కూర్చుని "అన్నయ్యా" అని పిలిచారు. పలికేవారేరీ?

కర్మకాండ ముగిశాక ఆవిడ ఢిల్లీలో కూతురి దగ్గరికి ప్రయాణమై నా కౌంటరుకే వచ్చారు. స్కానర్లో సంచి అడుగున గుండ్రటి నీడలు కనపడ్డాయి. నా ప్రాణం ఉసూరుమంది.

"అన్నయ్య అటక మీద ఎండబెట్టుకున్న కాయలమ్మా. గుర్తుగా పట్టుకెళ్తున్నాను. అన్నయ్య లేడుగా, ఇంకెవరు ఆపుతార్లే అనుకున్నాను."

సంచి విప్పించాను. ఎందుకో మొదటినుంచీ వివరించాను. వెనక వరుస పెరిగింది, ఎవరో విసుక్కున్నారు. సత్యవతి గారు కురిడీలు బల్ల మీద పెట్టి, "నువ్వూ అచ్చం అన్నయ్యలాగే తయారయ్యావు" అనేసి విసవిసా వెళ్లిపోయారు.

గురువుగారూ, మీ స్థానాన్ని భర్తీ చేయడం నా తరం కాదు. మీలా నవ్వడం నాకింకా రాలేదు. ఆవిడ తిట్టిన ఆ తిట్టునే మీ పాదాల చెంత ఉంచుతున్నాను. నా దగ్గరున్న నివాళి అదొక్కటే.